అరవై గొప్పా, నూట నలభై రెండు గొప్పా?

మా అక్క కూతురు రిథమిక్ జిమ్నాస్టిక్స్ మొదలుపెట్టి రెండేళ్లయింది. కూకట్‌పల్లి దగ్గర ఓ ఇండోర్ హాల్లో వారానికి నాలుగు రోజులు ప్రాక్టీసు. అక్కకి ఆఫీసులో ఆలస్యమయ్యే రోజుల్లో దాన్ని తీసుకెళ్లి తీసుకురావడం నా పని. మొన్న మే నెలలో ఓ సాయంత్రం, పిల్లలు సంచుల్లోంచి రిబ్బన్లు తీయగానే కోచ్ మేడమ్ ఫ్యాన్లన్నీ కట్టేయించారు. పైన రేకుల కప్పు, బయట హైదరాబాద్ ఎండ ఇంకా చల్లారలేదు. ఐదు నిమిషాల్లో అందరం చెమటతో తడిసిపోయాం. కానీ ఫ్యాను తిరుగుతుంటే రిబ్బను మాట వినదు. ముంజేయి చిన్నగా ఊపితే అందులో పాములా అలలు పుట్టాలి. గాలి తగిలిందా, అల మధ్యలోనే విరిగి, తోక వచ్చి పుల్లకు చుట్టుకుంటుంది.

ఆ రోజూ అదే అయింది. దాని రిబ్బను మధ్యలో ముడి పడింది. కార్పెట్ అంచున నా పక్కన కూర్చుని గోళ్లతో ముడి విప్పుకుంటూ అడిగింది: "పిన్నీ, సియోల్ ఒలింపిక్స్‌లో ఒకావిడకి అరవైకి అరవై వచ్చాయంట. పారిస్‌లో గెలిచినావిడకి నూట నలభై రెండు చిల్లర వచ్చాయంట. మరి ఇద్దర్లో ఎవరు గొప్ప?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆటను ఇష్టంగా చూసేదాన్నే గానీ, మార్కుల సంగతి ఎప్పుడూ లోతుగా చూడలేదు. ఆ రాత్రి కూర్చుని ఒలింపిక్స్ వ్యక్తిగత ఆల్‌రౌండ్‌లో, అంటే వేర్వేరు పరికరాలతో చేసిన ప్రదర్శనల మార్కులన్నీ కలిపి చూసే పోటీలో, బంగారు పతకం తెచ్చిన స్కోర్లు వరసగా రాసుకున్నాను. 1984లో 57.950. 1988లో 60.000. 1992లో 59.037. 1996లో 39.683. 2000లో 39.632. 2004లో ఒక్కసారిగా 108.400. 2008లో 75.500. 2012లో 116.900. 2016లో మళ్లీ 76.483. టోక్యోలో 107.800. పారిస్‌లో 142.850.

ఈ అంకెలు ఇంతలా ఎగిరి పడటానికి ఆడేవాళ్ల ప్రతిభతో పెద్దగా సంబంధం లేదు. మన పదో తరగతి మార్కులు గుర్తు తెచ్చుకోండి. ఒకప్పుడు 600కి ఎన్ని అని అడిగేవాళ్లం. మధ్యలో కొన్నేళ్లు జీపీఏ వచ్చి 10కి 9.8 అన్నారు. 540 వచ్చిన అన్నయ్యనీ 9.8 వచ్చిన చెల్లెల్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు బాగా చదివారని అడిగితే ఏం చెప్తాం? రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లోనూ ఇంచుమించు ప్రతి ఒలింపిక్స్‌కీ ప్రశ్నపత్రం మారింది. ఎందుకు మారిందో చూస్తూ పోతే ఈ ఆట పోటీల చరిత్రంతా బయటపడుతుంది.

ముందు ఒక చిక్కు విప్పాలి. హైదరాబాద్‌లో జిమ్నాస్టిక్స్ అనగానే చాలామందికి బుద్దా అరుణారెడ్డి గుర్తొస్తుంది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచిన మన అమ్మాయి. ఆమెది, రియోలో నాలుగో స్థానంలో నిలిచిన దీపా కర్మాకర్‌ది ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్. అందులో వాల్ట్, బీమ్, బార్లు ఉంటాయి, గాల్లో పల్టీలు ఉంటాయి. రిథమిక్ వేరే ఆట. 13 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పున్న కార్పెట్ మీద సంగీతానికి తగ్గట్టు చేతిలో ఒక పరికరంతో ఆడాలి. హూప్ (పెద్ద వలయం), బంతి, ఒక జత క్లబ్స్ (సీసా ఆకారపు చిన్న గదలు), రిబ్బను, వీటితోపాటు ఒకప్పుడు తాడు. ఒక్కరే చేసే ప్రదర్శన, అంటే వ్యక్తిగత రొటీన్, ఒకటింపావు నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం. ఐదుగురు కలిసి చేసే గ్రూప్ రొటీన్ రెండుంపావు నుంచి రెండున్నర నిమిషాలు. పెద్దల రిబ్బను 6 మీటర్లు, బంతి కనీసం 400 గ్రాములు. పరికరం చేతిలో ఊరికే ఉంటే సరిపోదు. అది దొర్లుతూనో తిరుగుతూనో ఎగురుతూనో ఉండాలి, ఒళ్లు కూడా అదే క్షణంలో కష్టమైన పని ఏదో చేస్తుండాలి.

మనకు ఇది మరీ కొత్త విషయమేం కాదు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి, తల మీద చెంబుతో తాళం తప్పకుండా కదిలే నర్తకిని చూసినవాళ్లకి, ఒంటినీ వస్తువునీ ఒకే లయలో నడిపించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. కోలాటం చూసినవాళ్లకి గ్రూప్ పోటీ అర్థమైపోతుంది. ఒక్కరి కర్ర అరక్షణం ఆలస్యమైతే వలయమంతా తడబడుతుంది. తేడా ఏమిటంటే, అక్కడ ఆ తడబాటును ఎవరూ దశాంశ స్థానాల్లో కొలవరు.

ఈ ఆట ఒలింపిక్స్‌లోకి మొదట దొడ్డిదారిన వచ్చింది. 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మహిళల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్ కిందే జట్టుగా చేతి పరికరాలతో చేసే పోటీ ఒకటి పెట్టారు. మొదటిసారి స్వీడన్, రెండోసారి హంగరీ గెలిచాయి. ఆ తర్వాత దాన్ని తీసేశారు. ఈలోపు సోవియట్ యూనియన్‌లో అది విడి ఆటగా పెరిగింది. లెనిన్‌గ్రాడ్‌లో బ్యాలే, సంగీతం, వ్యాయామం తెలిసినవాళ్లు కలిసి దానికి పోటీ రూపం ఇచ్చారు. 1960ల మొదట్లో అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య ఎఫ్ఐజీ దీన్ని విడి ఆటగా గుర్తించింది. అప్పటి పేరు మోడ్రన్ జిమ్నాస్టిక్స్. పేరు ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు మారి, చివరికి రిథమిక్ దగ్గర ఆగింది.

మొదటి ప్రపంచ పోటీలు 1963 డిసెంబరులో బుడాపెస్ట్‌లో జరిగాయి. 10 దేశాల నుంచి 28 మంది వచ్చారు, అందరూ యూరప్ వాళ్లే. సోవియట్ అమ్మాయి లుద్మిలా సవిన్‌కోవా గెలిచింది. 1967లో కోపెన్‌హాగెన్‌లో గ్రూప్ పోటీ చేరింది. అప్పట్లో గ్రూప్ అంటే ఆరుగురు. 1971లో రిబ్బను, 1973లో క్లబ్స్ వచ్చాయి. నిబంధనల పుస్తకం అంటూ మొదట వచ్చింది 1970లో. అంటే మొదటి ఏడేళ్లు ప్రపంచ ఛాంపియన్‌ని ఎంచుకున్నారు గానీ, ఏది ఎంత విలువ చేస్తుందో అందరికీ ఒక్కటిగా రాసిపెట్టిన పుస్తకం లేదు. నాకు ఈ సంగతి చాలా ముఖ్యంగా అనిపించింది. ఆట ముందు పుట్టింది, కొలత తర్వాత వచ్చింది. కొలత ఇప్పటికీ ఆట వెనకాల పరిగెడుతూనే ఉంది.

ఆ తొలి రోజుల్లో ఆట మొత్తం రెండు దేశాల మధ్యే నడిచింది. ఒకటి సోవియట్ యూనియన్, రెండోది బల్గేరియా. తెలంగాణ కంటే జనాభాలో చాలా చిన్నదైన బల్గేరియా ఈ ఆటలో ఒక మహాశక్తితో సమానంగా నిలబడింది. మరియా గిగోవా 1969, 1971, 1973లలో వరసగా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది. మూడోసారి సోవియట్ అమ్మాయి గలీమా షుగురోవాతో కలిసి పంచుకుంది. ఆమె తర్వాత నెష్కా రొబెవా అనే కోచ్ చేతుల్లో ఓ తరం మొత్తం తయారైంది. అనెలియా రాలెన్‌కోవా, దిలియానా జార్జియేవా, లీలియా ఇగ్నాతోవా, బియాంకా పనోవా, అడ్రియానా దునావ్‌స్కా... 1981 నుంచి 1987 దాకా జరిగిన నాలుగు ప్రపంచ పోటీల్లోనూ వ్యక్తిగత ఆల్‌రౌండ్ టైటిల్ బల్గేరియాదే. 1987లో సొంతగడ్డ వార్నాలో పనోవా అన్ని రొటీన్లకీ పదికి పది తెచ్చుకుని, ఉన్న అయిదు వ్యక్తిగత స్వర్ణాలూ తీసుకుపోయింది.

ఇక్కడే మొదటి పగులు కనిపిస్తుంది. పదికి పది వచ్చాక ఇంకా పైకి వెళ్లడానికి చోటేది? ఆ ప్రశ్న సియోల్‌లో నిలదీసింది. కానీ దానికి ముందు లాస్‌ఏంజెలెస్ గురించి చెప్పుకోవాలి.

1980 మాస్కో ఒలింపిక్స్ తర్వాత ఈ ఆటని ఒలింపిక్స్‌లో చేర్చాలని నిర్ణయించారు. మొదటి అవకాశం 1984 లాస్‌ఏంజెలెస్. సరిగ్గా అప్పుడే సోవియట్ కూటమి ఆ ఒలింపిక్స్‌ని బహిష్కరించింది. ఇరవై ఏళ్లపాటు ఈ ఆటని పెంచి పోషించిన రెండు దేశాల అమ్మాయిలూ, తమ ఆట మొదటిసారి ఒలింపిక్ వేదిక ఎక్కిన రోజున ఇళ్ల దగ్గరే ఉండిపోయారు. రాజకీయాలు ఈ ఆటని తాకడం అదే మొదలు కాదు. 1975లో ప్రపంచ పోటీలు మాడ్రిడ్‌లో పెడితే, ఫ్రాంకో పాలనలోని స్పెయిన్‌కి తూర్పు యూరప్ దేశాలు చాలావరకు వెళ్లలేదు. అప్పుడు పశ్చిమ జర్మనీకి చెందిన కార్మెన్ రిష్లర్ గెలిచింది. లాస్‌ఏంజెలెస్‌లో కెనడాకి చెందిన లోరీ ఫంగ్ 57.950తో స్వర్ణం గెలిచింది. బహిష్కరణ మాట పట్టించుకోకుండా వచ్చిన రొమేనియా అమ్మాయి దోయినా స్తాయికులెస్కు 57.900తో రజతం తీసుకుంది. తేడా 0.05. ఫంగ్ విజయాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకది న్యాయంగా అనిపించదు. ఎవరు వస్తారో ఎవరు రారో ఆటగత్తె చేతుల్లో ఉండదు. వచ్చినవాళ్లలో ఆమే బాగా ఆడింది.

నాలుగేళ్ల తర్వాత సియోల్‌కి అందరూ వచ్చారు. అప్పటి లెక్క ఇలా ఉండేది. ఫైనల్లో నాలుగు రొటీన్లు, ఒక్కోదానికి పది, మొత్తం 40. ప్రాథమిక రౌండులో వచ్చిన 40లో సగం, అంటే 20, దానికి కలుపుతారు. మొత్తం 60. బెలారస్ ప్రాంతం నుంచి వచ్చిన సోవియట్ అమ్మాయి మెరీనా లోబాచ్ ప్రాథమిక రౌండులోనూ ఫైనల్లోనూ ఏ ఒక్క రొటీన్‌లోనూ పిసరంత పోగొట్టుకోలేదు. 60కి 60. దునావ్‌స్కా 59.950తో రజతం, అలెగ్జాండ్రా తిమోషెంకో 59.875తో కాంస్యం. మళ్లీ అదే 0.05 తేడా. మూడో స్థానానికీ మొదటి స్థానానికీ మధ్య పాయింటులో ఎనిమిదో వంతు మాత్రమే.

మా పిల్ల మెచ్చుకుంటున్న ఆ 60 నిజంగానే ఈ ఆట చరిత్రలో ఒక శిఖరం. ఒలింపిక్స్ ఒత్తిడిలో ఎనిమిది రొటీన్లు తప్పు లేకుండా చేయడమంటే ఒళ్లు గగుర్పొడిచే పని. కానీ జడ్జీల వైపు నుంచి చూస్తే అది కొలబద్ద చిట్టచివర. ముగ్గురు నలుగురు అమ్మాయిలు అంచుకి వచ్చేసినప్పుడు, వాళ్లలో ఎవరు మెరుగో చెప్పే శక్తి ఆ కొలబద్దకి ఉండదు. అప్పుడు ఫలితం ప్రతిభ చేతుల్లోంచి జారి జడ్జీల ఇష్టాయిష్టాల చేతుల్లోకి పోతుంది.

బార్సిలోనా 1992 గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నన్ను అన్నిటికంటే కలిచివేసేది అదే. సోవియట్ యూనియన్ అప్పటికే లేదు. ఆ దేశాల వాళ్లు ఉమ్మడి జట్టుగా వచ్చారు. వ్యక్తిగత పోటీలో ఒక జట్టుకి రెండే చోట్లు. కీవ్‌లో శిక్షణ పొందిన తిమోషెంకో, ఒక్సానా స్కాల్దినా ఇద్దరూ ఆడారు. రష్యాలోని ఇర్కుత్స్క్ అమ్మాయి ఒక్సానా కోస్తినా మిగిలిపోయింది. తిమోషెంకో స్వర్ణం, స్పెయిన్‌కి చెందిన కరోలినా పాస్కువల్ రజతం, స్కాల్దినా కాంస్యం గెలుచుకున్నారు. అదే ఏడాది నవంబరులో బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో కోస్తినా ఆల్‌రౌండ్ ఛాంపియన్ అయింది. మూడు నెలల ముందు తనకి దక్కని చోటుకి తాను తగినదాన్నేనని ఆటతోనే చూపించింది. 1993లో కారు ప్రమాదంలో చనిపోయింది. ఒలింపిక్స్ పట్టికలో ఆమె పేరు ఎక్కడా ఉండదు.

1996 అట్లాంటాకి ఆల్‌రౌండ్ లెక్క 40కి మారింది. నాలుగు రొటీన్లు, నాలుగు పదులు, పాత రౌండు మార్కులు కలపడం లేదు. ఉక్రెయిన్ అమ్మాయి ఎకాతెరీనా సెరెబ్రియాన్‌స్కాయా 39.683తో గెలిచింది. గ్రూప్ పోటీ ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరింది. గ్రూప్‌లో ఆరుగురు ఉండే చోట అప్పటికి ఐదుగురు అయ్యారు. ఎవరూ ఊహించని విధంగా స్పెయిన్ అమ్మాయిలు బల్గేరియా, రష్యాలని దాటి స్వర్ణం అందుకున్నారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఒలింపిక్స్‌లో ఈ ఆటకి ఉన్నవి రెండే స్వర్ణాలు, ఒకటి వ్యక్తిగతం, ఒకటి గ్రూప్. ప్రపంచ పోటీల్లో హూప్‌కి వేరే, బంతికి వేరే పతకాలు ఉంటాయి. ఒలింపిక్స్‌లో అవి లేవు. అందుకే రిబ్బనులో ప్రపంచ ఛాంపియన్ అయినా ఒలింపిక్స్‌లో ఏమీ రాకుండా పోయినవాళ్లు ఉంటారు.

2000 సంవత్సరంలో ఈ ఆట పరువు పోయింది. సిడ్నీకి ముందు జరగోజాలో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్‌లో, 1997 ప్రపంచ ఛాంపియన్ ఎలెనా విత్రిచెంకోకి జడ్జీలు ఇచ్చిన మార్కులు ఏ విధంగానూ సమర్థించలేనంత తక్కువగా ఉన్నాయి. విచారణ జరిగింది. కొందరు జడ్జీలని ఎఫ్ఐజీ పక్కన పెట్టింది, వాళ్లు సిడ్నీలో కూర్చోలేకపోయారు. కొలబద్ద చివర ఇరుకైపోతే ఏం జరుగుతుందని పైన అన్నానో, అది లోకం ముందే జరిగిపోయింది.

ఇక సిడ్నీలో ఏమైందో మా హాల్లోని పిల్లలందరికీ తెలుసు. అందరూ గెలుస్తుందనుకున్న అలీనా కబయేవా హూప్ వదిలింది. అది దొర్లి కార్పెట్ దాటి బయటికి పోయింది. ఆమె దాని వెంట పరిగెత్తింది. ఆ ఒక్క పరుగుతో కాంస్యానికి దిగిపోయింది, 39.466. రష్యాకే చెందిన యూలియా బర్సుకోవా 39.632తో స్వర్ణం గెలిచింది, బెలారస్ అమ్మాయి యూలియా రస్కినా 39.548తో రజతం తీసుకుంది. పరికరం కార్పెట్ దాటి పోయినా, మొదటి ముగ్గురి మధ్య తేడా పాయింటులో ఆరో వంతే. మరుసటి ఏడాది కబయేవా, ఇరీనా చష్చినా ఇద్దరూ డోపింగ్ పరీక్షలో దొరికిపోయారు. ఫ్యూరోసమైడ్ అనే మందు, ఒంట్లో నీరు తగ్గించేది. ఆ ఏడాది ప్రపంచ పతకాలు పోయాయి. 2004 ఏథెన్స్‌లో ఆ ఇద్దరే తిరిగొచ్చి స్వర్ణం, రజతం గెలిచారు.

ఏథెన్స్‌కి కొలబద్దే మారిపోయింది. ఒక్కో రొటీన్‌కి మూడు పదులు, కష్టానికి పది, కళకి పది, తప్పుల్లేకుండా చేయడానికి పది. నాలుగు రొటీన్లకి 120. కబయేవా 108.400 ఈ 120లో వచ్చినదే. శాతంలో చూస్తే 90 చిల్లర. సిడ్నీలో బర్సుకోవాది 99 శాతం దాటింది. అంటే నాలుగేళ్లలో ఆట పాడైపోయిందా? లేదు. పైన కొంచెం ఖాళీ వదిలారు, అంతే. బీజింగ్‌కి 80కి కుదించారు, ఎవ్‌గేనియా కనయేవా 75.500. లండన్‌కి మళ్లీ 120, అదే కనయేవా 116.900. వ్యక్తిగత ఆల్‌రౌండ్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మొదటి అమ్మాయి ఆమే. రియోకి మళ్లీ 80. ఈసారి కళకి విడిగా ఉన్న పది తీసేసి, దాన్ని తప్పులు చూసే పదిలోనే కలిపేశారు. మార్గరీటా మమూన్ 76.483తో గెలిచింది. మన పక్క దేశంతో ఆమెకో బంధం ఉంది, ఆమె తండ్రి బంగ్లాదేశ్ వారు. వరసగా మూడేళ్లు ప్రపంచ ఛాంపియన్ అయిన యానా కుద్ర్యావ్‌త్సేవా క్లబ్ జారవిడిచి రజతంతో సరిపెట్టుకుంది.

2000 నుంచి 2016 దాకా అయిదు ఒలింపిక్స్, మొత్తం పది స్వర్ణాలు. పదికి పదీ రష్యావే. దానికి కారణం ఒక్క ప్రతిభే అనలేం. ఇరీనా వీనర్ నడిపిన శిక్షణ యంత్రాంగం, వేల మంది పిల్లల్లోంచి ఏరుకునే పద్ధతి, ఒకే దేశంలో ఇద్దరు ముగ్గురు ప్రపంచ ఛాంపియన్లు ఒకరితో ఒకరు పోటీ పడే వాతావరణం, అన్నీ ఉన్నాయి. ఆ యంత్రాంగంలో పిల్లల మీద పడిన ఒత్తిడి గురించి కూడా బయటికి చాలా వచ్చింది. మా హాల్లో చిన్నపిల్ల కాలు సాగదీస్తూ ఏడ్చినప్పుడల్లా నాకు ఆ సంగతులే గుర్తొస్తాయి.

2018లో ఎఫ్ఐజీ పెద్ద అడుగు వేసింది. కష్టానికి ఉన్న పైకప్పు తీసేసింది. ఎన్ని కష్టమైన ఎలిమెంట్లు (గెంతు, విసురు లాంటి విడి విన్యాసాలు) చేయగలిగితే అన్ని మార్కులు. దాంతో 60కి, 80కి, 120కి అనే కిందిభాగమే మాయమైపోయింది. టోక్యో ఫలితాన్ని దీని వెలుగులోనే చూడాలి. ఇజ్రాయెల్‌కి చెందిన లినోయ్ ఆష్రామ్ ఆఖరి రొటీన్‌లో రిబ్బను జారవిడిచింది. అయినా 107.800తో స్వర్ణం గెలిచింది. రష్యా అమ్మాయి దీనా అవెరినాకి 107.650. రష్యా వాళ్లు ఫిర్యాదు చేశారు, పరికరం కింద పడేసిన అమ్మాయికి బంగారం ఎలా అని ఆగ్రహించారు. లెక్క తెలిస్తే ఇందులో మాయేమీ కనిపించదు. పరికరం పడితే కనీసం అర పాయింటు పోతుంది, ఎన్ని అడుగులు వేసి తెచ్చుకున్నారన్నదాన్ని బట్టి ఒక పాయింటు దాకా పోతుంది, ఆ క్షణంలో చేయబోయిన ఎలిమెంటు విలువ కూడా పోతుంది. కానీ మిగతా రొటీన్లలో కష్టం ద్వారా పోగేసుకున్న మార్కులు దాన్ని తట్టుకోగలిగితే పైనే ఉండొచ్చు. సియోల్ లెక్కలో ఒక్కసారి పడిపోతే అంతా అయిపోయినట్టే. టోక్యో లెక్కలో పడి లేవొచ్చు. ఈ విషయంలో నేను కొత్త పద్ధతి వైపే. పదకొండేళ్ల పిల్లకి మొదట నేర్పాల్సింది పడిపోయిన రిబ్బను తీసుకుని తాళం అందుకోవడమే కదా.

ఆ పద్ధతికి చెరుపు కూడా ఉంది. మార్కుకి హద్దు లేకపోయేసరికి రొటీన్లు ఊపిరాడకుండా కిక్కిరిసిపోయాయి. సెకనుకో విసురు, సెకనుకో పట్టు, సంగీతం వెనక ఎక్కడో మోగుతుంటుంది. చూసేవాళ్లు గొణిగారు, జిమ్నాస్ట్‌లూ అలిసిపోయారు. అందుకే 2022 నుంచి కళకి విడిగా పది మార్కులు తిరిగి తెచ్చారు. రియో ముందు తీసేసిన వరసే మళ్లీ వచ్చింది. పారిస్ లెక్క అదే: హద్దులేని కష్టం, కళకి పది, తప్పులు లేకపోవడానికి పది. డార్యా వర్ఫోలోమీవ్ 142.850 నాలుగు రొటీన్లది. ఒక్కోదానికి సగటున 35.7. ఆమె రష్యాలోని బర్నౌల్‌లో పుట్టి, పన్నెండేళ్లప్పుడు జర్మనీకి వచ్చేసిన అమ్మాయి. బల్గేరియాకి చెందిన బోర్యానా కలెయిన్ రజతం, ఇటలీకి చెందిన సోఫియా రఫాయెలీ కాంస్యం. 2022 నుంచి యుద్ధం కారణంగా రష్యా, బెలారస్‌లపై నిషేధం పడింది. దాంతో మళ్లీ 1984 మాటలే వినిపించాయి, వాళ్లు లేరు కాబట్టి గెలిచారని. ఫంగ్ గురించి చెప్పిందే ఇక్కడా చెప్తాను. పైగా 2023లో వాలెన్సియా ప్రపంచ పోటీల్లో ఉన్న అయిదు వ్యక్తిగత స్వర్ణాలూ వర్ఫోలోమీవ్ తీసుకుంది. గ్రూప్‌లో చైనా గెలిచింది. యూరప్ బయటి దేశానికి గ్రూప్ స్వర్ణం రావడం ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. 2025 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పుస్తకం ఎలిమెంట్ల సంఖ్యనే తగ్గించింది, ఊపిరి పీల్చుకునే చోటు ఇవ్వడానికి.

మిగతా పోటీల గురించి రెండు మాటలు చాలు. యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్ 1978లో మాడ్రిడ్‌లో మొదలయ్యాయి. ప్రపంచకప్ 1983లో బెల్‌గ్రేడ్‌లో మొదలై, ఇప్పుడు సోఫియా, బాకు, తాష్కెంట్ లాంటి ఊళ్లలో ఏటా వరసగా జరుగుతోంది. జూనియర్లకి ప్రపంచ పోటీలు 2019లోనే వచ్చాయి. పెద్దల పోటీల్లోకి రావాలంటే ఆ ఏడాదిలో పదహారు నిండాలి.

ఇక మన సంగతి. ఆసియా క్రీడల్లో ఈ ఆట 1994 హిరోషిమాలో చేరింది, కామన్వెల్త్ క్రీడల్లో 1990 ఆక్లండ్‌లో. ఒలింపిక్స్‌కి ఇప్పటిదాకా మన దేశం నుంచి రిథమిక్ జిమ్నాస్ట్ ఎవరూ వెళ్లలేదు. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో మన దేశం తరఫున ఈ ఆట ఆడింది హైదరాబాద్ అమ్మాయి మేఘనా రెడ్డి గుండ్లపల్లి. మా హాల్లో పిల్లలు ఆమె పేరు తమ ఇంటి ఆడపిల్ల పేరంత చనువుగా తలుచుకుంటారు. మన అమ్మాయిలకి అందుబాటులో ఉన్న పెద్ద మెట్టు కామన్వెల్తే. 2026 గ్లాస్గో క్రీడలని పది ఆటలకి కుదించారు. అందులో ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్ ఉంది, రిథమిక్ లేదు. నాలుగేళ్ల నుంచి దానికోసమే ఒళ్లు వంచుతున్న అమ్మాయిలకి ఇది చిన్న దెబ్బ కాదు. ఇక్కడ ఫ్యాన్లు ఆపుకుని, ఎత్తు చాలని రేకుల కప్పు కింద, హూప్ పైకి తగలకుండా విసురు తగ్గించుకుని నేర్చుకుంటున్న పిల్లలు వీళ్లు. కప్పు ఇంకో నాలుగైదు మీటర్లు ఎత్తుగా ఉన్న హాలు ఒకటి దొరికితే వీళ్ల ఆట ఎంత మారుతుందో చెప్పలేను.

తర్వాతి ప్రాక్టీసు రోజు మా పిల్లకి ఇదంతా చెప్పాను. కొంత విన్నది, కొంత వినలేదు. కబయేవా హూప్ దగ్గర మాత్రం కళ్లు పెద్దవి చేసింది. తర్వాత కోచ్ మేడమ్ రొటీన్లు రాసుకోమని ఇచ్చిన నోటుబుక్కు తీసి, చివరి పేజీలో 60 రాసి, దాని కింద గీత గీసి, గీత కింద మళ్లీ 60 వేసింది. పక్కన 142.850 రాసింది. దాని కిందా గీత గీసి ఆగింది.

"కింద ఎంత వేయాలి పిన్నీ?"

"ఏమీ వేయకు. ఖాళీగా వదిలెయ్."

"మరి శాతం ఎలా తీస్తారు?"

"తీయలేరురా."

కాసేపు ఆ ఖాళీని చూసింది. ఇంతలో కోచ్ మేడమ్ రిబ్బన్లు తీయమన్నారు. ఎవరో వెళ్లి ఫ్యాన్లు కట్టేశారు. నోటుబుక్కు నా ఒళ్లో పడేసి, కార్పెట్ మీదికి పరిగెత్తింది.